ప్రార్థన చేసిన తాడు

మన సంఘంలో ముగ్గురు కుర్రాళ్ళు ఈమధ్య ఓడల యార్డుల్లో తనిఖీ పనిలో చేరారు. వాళ్ళలో ఒకతను ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "అంకుల్, మీరు ముప్పై నాలుగేళ్ళు ఇదే పని చేశారు కదా, నాలుగు మాటలు రాసివ్వండి, ఇంగ్లీషులో" అన్నాడు. ఇంగ్లీషులో నేను రాసినవన్నీ రిపోర్టులే. మనసులో మాట రాయాలంటే నాకు తెలుగే వచ్చు. మీకు తెలుగు చదవడం రాదని తెలుసు. పాటలు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. ఇది మీ అమ్మల చేత చదివించుకోండి. చదివి వాళ్ళు నన్ను తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

ముందే చెబుతున్నాను. విశ్వాసంతో బతకడం ఎలాగో ఇందులో నేర్చుకోవచ్చనుకుంటే పొరపాటు. ఆ మాట నేను గట్టిగా వాడిన రోజుల్లో అదంతా నాకు తెలుసనుకున్నాను. ఇప్పుడు ఎంత తెలుసో నాకే అంతు పట్టడం లేదు. పని గురించి మాత్రం తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

పనంటే ఇది

గార్డెన్ రీచ్ వైపు, నది ఒడ్డున ఒక చిన్న ఓడల మరమ్మతు యార్డు ఉండేది. ప్రైవేటుది. ఇప్పుడు మూసేశారు, పేరు చెప్పను. టగ్గులూ బార్జీలూ వచ్చేవి. వాటిలోంచి ఇంజన్లు, పంపులు క్రేనుతో లేపి ఒడ్డున దింపి, బాగుచేసి మళ్ళీ ఎక్కించేవాళ్ళు. క్రేను కొక్కేనికీ బరువుకీ మధ్య ఉండే ఇనుప తాడును స్లింగు అంటారు. ఆ స్లింగులు బాగున్నాయో లేదో చూడడం నా ఉద్యోగం.

మూడు నెలలకోసారి అన్ని తాళ్ళూ చూసి, బాగున్నవాటి చివర ఆ మూడు నెలల రంగు వేస్తాం. ఒక విడత పసుపు, ఇంకో విడత నీలం, ఇంకో విడత ఆకుపచ్చ. బాగోలేనివి కోసి పారేస్తాం. బరువు తగిలించే కళాసీలు తాడు చూడరు, రంగు చూస్తారు. రంగు ఉంటే తగిలిస్తారు. మా నాన్న టెక్కలి దగ్గర్నుంచి వచ్చి ఇక్కడి డాకులో కళాసీగా చేశాడు. ఆ రోజుల్లో ఈ రంగులు లేవు. ఎవరైనా తాడు బాగుందంటే ఆ మాట నమ్మి కింద నిలబడేవాళ్ళు.

నాకు పని నేర్పినాయన దత్తా బాబు. నేను చూసిన పైఅధికారుల్లో ఆయనే గొప్పవాడు, దేవుణ్ణి నమ్మనివాడు కూడా ఆయనొక్కడే. తాడు ఎలా చూడాలో మొదటిరోజే చూపించాడు. ఇనుప తాడులో సన్నటి తీగలు బోలెడుంటాయి. గ్రీజు కింద తీగలు తెగితే కంటికి కనిపించవు. అందుకని గ్రీజు తుడిచి, చేతిలో గుడ్డ పట్టుకుని తాడు పొడుగునా లాగాలి. తెగిన తీగ ముల్లులా పైకి లేచి ఉంటుంది, గుడ్డ దానికి తగులుకుని ఆగిపోతుంది. ఒక్కో తాడుకి ఇరవై నిమిషాలు పడుతుంది. విసుగు పుట్టే పని. చేతులు నల్లబడతాయి, గీరుకుపోతాయి.

ఆ గుడ్డలు పక్కనే ఉన్న మెటియాబ్రుజ్ పేటలో దర్జీల దగ్గర మిగిలిన ముక్కలు. వాటిని అక్కడ ఝుట్ అంటారు. హిందీలో అబద్ధానికీ దాదాపు అదే మాట. "ఝుట్ పెట్టి చూస్తేనే ఇక్కడ నిజం బయటపడుతుంది" అని మా వాళ్ళు వేళాకోళమాడేవాళ్ళు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి పని మొదలుపెట్టే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాను. దత్తా బాబు వెనకనుంచి, "ఆనంద్, కళ్ళు మూసుకునే పని ఇంటి దగ్గర చేసుకుని రా. ఇక్కడ నీకు జీతమిచ్చేది తెరవడానికి" అన్నాడు. నాకు మండిపోయింది. ఆయన మారుమనస్సు కోసం మూడేళ్ళు ప్రార్థన చేశాను. ఆయన ఎలా ఉన్నవాడు అలాగే రిటైరయ్యాడు. ఆ తర్వాత వచ్చిన పైవాళ్ళు నన్ను నమ్మి ఏమీ అడిగేవాళ్ళు కాదు. నేను చెడిపోవడం అక్కడ మొదలైంది.

చెయ్యి వేయడం ఎలా వచ్చింది

ఇది ఒక పొరపాటు వల్ల వచ్చింది. నా భార్య కరుణకి కడుపులో గడ్డ ఉందని ఆపరేషన్ చేస్తున్న రోజు సెలవు దొరక్క పనికి వెళ్ళాను. ఒక తాడు చూడడం అయిపోయింది. చెయ్యి దాని మీదే ఉంది, మనసు ఆస్పత్రిలో ఉంది. కళ్ళు మూసుకుని కరుణ కోసం ప్రార్థన చేశాను. కళ్ళు తెరిస్తే ఎదురుగా నసీమ్ నిలబడి ఉన్నాడు.

నసీమ్ ఆరుగురు కళాసీల ముఠాకి పెద్ద. టిండేల్ అంటారు. మెటియాబ్రుజ్ మనిషి, ఇంచుమించు నా ఈడువాడు. అన్నదమ్ములందరూ దర్జీలు, ఇతనొక్కడే కుట్టుమిషను ముందు కూర్చోలేక ఓడల వైపు వచ్చాడు. నోరు పెద్దది, కోపం ఎక్కువ, ముఠాలో తెలుగువాళ్ళతో తిరిగి మన మాట కూడా వంకరటింకరగా పట్టుకున్నాడు. ఆ రోజు మాత్రం నెమ్మదిగా, "రస్సీకి దువా చేశావా రావ్ దా?" అన్నాడు. రస్సీ అంటే తాడు, దువా అంటే ప్రార్థన, దా అంటే బెంగాలీలో అన్న.

కాదు, మా ఆవిడ కోసం అని చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. మధ్యాహ్నానికి ముఠా అంతా అదే మాట. రావ్ దా దువా చేసిన తాడు తెగదట. నాకు బాగా నచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోని పనికి ఒక గౌరవం వచ్చినట్టనిపించింది.

ఆ ముఠాలో పౌలు అని మన సంఘం మనిషి ఉన్నాడు. అతను కరుణకి చెప్పాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి కరుణ నన్ను నిలదీసింది.

"మీరు తాళ్ళ మీద సెయ్యేసి పార్దన సేత్తారట. నాకెప్పుడూ సెప్పనేదేటి?"

"పెద్ద విషయం కాదులే."

"పెద్ద ఇసయం కాదేటి? తురకోళ్ళు, ఇందువులు అందరూ మీ పార్దన కోసం ఎదురు సూత్తన్నారంటే అది సాచ్చం కాదేటి?"

అప్పట్నుంచి రోజూ చేశాను. మొదట్లో గుడ్డ లాగి, తర్వాత ప్రార్థన చేసి, తర్వాత రంగు వేసేవాణ్ణి. కొన్నాళ్ళకి ప్రార్థన ముందుకొచ్చింది. ముందు ప్రార్థన చేస్తే గుడ్డ లాగేటప్పుడు చెయ్యి తేలికపడేది, ఇందులో ఏమీ ఉండదులే అనిపించేది. నిజంగానే చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. గుడ్డ ఎప్పట్నుంచి వదిలేశానో చెప్పమంటే చెప్పలేను. ఒకరోజున వదిలేయలేదు. అక్కడక్కడ ఒకటి, తొందరున్నప్పుడు ఇంకొకటి, అలా పోయింది.

ఆ శుక్రవారం

ఆ విడత రంగు ఆకుపచ్చ. అన్నీ అయిపోయి ఎనిమిది తాళ్ళు మిగిలాయి. జెట్టీకి ఆనుకుని ఒక టగ్గు ఉంది, దాని జనరేటరు పైకి తీయాలి. నదిలో నీళ్ళు దిగిపోతున్నాయి. ఇంకాస్త దిగితే టగ్గు కిందికి పోయి క్రేను చెయ్యి అందదు, మళ్ళీ పోటు వచ్చేదాకా ఆగాలి. నసీమ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"రావ్ దా, రెండు కాళ్ళ స్లింగు పెద్దది ఇవ్వు. బేగి!"

ఒకే వలయం నుంచి రెండు తాళ్ళు కాళ్ళలా వేలాడేదాన్ని అలా అంటారు. సరిపోయే కొలతది మిగిలిన ఎనిమిదిలోనే ఉంది. దాని మీద దట్టంగా గ్రీజు. తుడిచి చూడాలంటే ఇరవై నిమిషాలు. నేను చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, నీ మీదే భారం వేస్తున్నాను, ఆరుగురినీ కాపాడు" అన్నాను. కుంచె ముంచి ఆకుపచ్చ వేసి ఇచ్చేశాను.

అబద్ధపు రంగు వేస్తున్నానని నాకు అప్పుడు అనిపించలేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం. ధైర్యంగా అనిపించింది. అదే విశ్వాసం అనుకున్నాను. చూసి రంగు వేస్తే అందులో దేవుడికి వదిలిందేముంది అని కూడా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

జనరేటరు టగ్గు డెక్కు దాటి మనిషి ఎత్తు లేచింది. ఆరుగురు దాన్ని చేతుల్తో పట్టుకుని తిప్పుతున్నారు. నసీమ్ క్రేను వాడికి సైగలు చేస్తున్నాడు. నేను జెట్టీ మీదున్నాను. ఉన్నట్టుండి నసీమ్, "హటో! సబ్ హటో!" అని గొంతు చించుకుని అరిచాడు, అందరూ తప్పుకోండని. కదలకుండా నిలబడిపోయిన పౌలుని భుజం పట్టి ఒక్క తోపు తోశాడు. ఆరుగురూ చెల్లాచెదురయ్యారు. ఆ తర్వాత, ఊపిరి తీసుకునేంత సేపటికి, తాడు ఒక కాలు తెగింది. జనరేటరు పక్కకి ఒరిగి పౌలు నిలబడ్డ చోటే పడింది. డెక్కు రేకు లోపలికి సొట్టపోయింది. పౌలుకి మోకాలు చీరుకుపోయింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

తెగిన కొస నేనే చేతిలోకి తీసుకుని చూశాను. అప్పుడే తెగిన తీగ తళతళలాడుతుంది. పాతది నల్లగా, తుప్పు పట్టి ఉంటుంది. ఆ కొసలో సగానికి పైగా నల్లవే. గుడ్డ ఒక్కసారి లాగి ఉంటే మొదటి జానలోనే ఆగిపోయేది. దేవా, ఎవరూ పోలేదు, స్తోత్రం అనుకున్నాను. ఇది ఎవరి కంటా పడకూడదనీ అనుకున్నాను. రెండింట్లో ఏది ముందనుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ కొసకి గ్రీజు గుడ్డ చుట్టి స్టోరులో ఒక మూల పెట్టాను. దాచానంటే ఒప్పుకోను, దాచలేదన్నా ఒప్పుకోను.

సాక్ష్యం

సంఘంలో లేని వాళ్ళకి ఒక మాట. దేవుడు మనకి చేసిన మేలు ఆరాధనలో లేచి అందరి ముందూ చెప్పడాన్ని మనం సాక్ష్యం అంటాం. కోర్టులో చెప్పేదాన్నీ సాక్ష్యమనే అంటారు. ఒకే మాట కాబట్టి రెండూ ఒకటేనని నేను ఎన్నడూ ఆలోచించలేదు.

ఆదివారం లేచి నిలబడ్డాను. తాడు మీద చెయ్యి వేసి ప్రార్థన చేసిన సంగతి చెప్పాను. బరువు లేచిందన్నాను. "అప్పుడు ఒక స్వరం వినిపించింది, ఆరుగురూ పక్కకి దూకారు" అన్నాను.

స్వరం అన్నాను. నసీమ్ అరిచాడు అనలేదు. నాలుక మీదికి ఆ మాటే వచ్చింది, మందిరంలో మాట్లాడే భాష అది. ఆ మాట అనగానే సంఘమంతా ఒక్కసారి "స్తోత్రం!" అంది. వాళ్ళు ఎవరి స్వరం అనుకున్నారో నాకు ఆ క్షణమే తెలిసింది. సరిదిద్దడానికి నోరు తెరిచాను. అప్పటికే ముందు వరసలో సుగుణమ్మ పిన్ని ఏడుస్తోంది. కరుణ కళ్ళు తుడుచుకుంటూ నావైపు చూస్తోంది. కూర్చుండిపోయాను.

మూడో వరసలో పౌలు మోకాలికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. పాస్టరు అయ్యగారు నా రెండు చేతులూ పట్టుకుని, వచ్చే నెల కూటాల్లో ఈ సాక్ష్యం మళ్ళీ చెప్పాలన్నారు.

మంగళవారం యార్డులో విచారణ. మేనేజరు ఘోషాల్ బాబు ఆఫీసు మనిషి, తాళ్ళ సంగతి ఆయనకి తెలీదు. తాడు మీరే చూశారా అని అడిగాడు. "చూశాను సార్" అన్నాను. ఒక్క మాట. అయితే తాడు తప్పు కాదు, తగిలించినవాడి తప్పు అని తేల్చాడు. స్లింగు రెండు కాళ్ళూ మరీ ఎడంగా తగిలిస్తే తాడు మీద బరువు పెరుగుతుంది. నసీమ్ అలా తగిలించాడనీ, బరువు కింద మనుషుల్ని పెట్టాడనీ రాసుకున్నాడు. విచారణ పూర్తయ్యేదాకా పనికి రావద్దన్నాడు. ఆ మచ్చ పడితే నదికి ఈ ఒడ్డునే కాదు, ఆ ఒడ్డున కూడా నసీమ్‌ని టిండేలుగా పెట్టుకునేవాళ్ళుండరు. సోమవారం భవానీపూర్‌లోని యజమానుల ఆఫీసులో ఆఖరి నిర్ణయం.

శనివారం నసీమ్ యార్డు బయట టీ కొట్టు దగ్గర నాకోసం కాచుకుని ఉన్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. మొహం వెలిగిపోతోంది.

"రావ్ దా, పౌలు అంతా చెప్పాడు. మీ గిర్జాలో అందరి ముందూ నిలబడి నా కోసం సాక్షి చెప్పావట!"

పౌలు అతనికి ఏం చెప్పాడో నాకు తెలీదు. బహుశా శుక్రవారం సంగతి సాక్ష్యం చెప్పానని మాత్రమే అని ఉంటాడు. మిగతాది నసీమ్ తనంతట తను ఊహించుకున్నాడు.

"సోమవారం సాహెబుల ముందు కూడా అదే చెప్పు. ఒక్క మాట తక్కువ వద్దు, ఒక్క మాట ఎక్కువ వద్దు" అన్నాడు.

"అదే చెబుతాను నసీమ్ భాయ్" అన్నాను. నేను మందిరంలో చెప్పింది చెప్పినట్టు అక్కడ చెబితే అతనికి చిల్లిగవ్వంత ఉపయోగం లేదు. అతని పేరే అందులో లేదు.

ఆదివారం మందిరం నుంచి వచ్చాక కరుణకి మొత్తం చెప్పేశాను. గుడ్డ సంగతి, కొస సంగతి, స్వరం సంగతి.

"ఇప్పుడేటి సేత్తారు?"

"నిజం చెప్పేస్తే?"

"సెప్పకండి. మందిరంలో ఇచ్చిన సాచ్చం ఎనక్కి తీసుకుంటే నవ్వులపాలయ్యేది మీరు కాదు, దేవుడు. నసీమ్ కోసం నాను పార్దన సేత్తాను. ఆయన ఏదో దారి సూపుతాడు. మీరు నోరు మాత్రం తెరవకండి."

కరుణ చెడ్డది కాదు. దేవుడి మీద ఆమెకున్న భయభక్తుల్లో నాకు సగం కూడా లేవు. ఆమె మాట నాకు సబబుగానే తోచింది. ఒక మనిషి ఉద్యోగమా, దేవుడి నామమా అని తూచుకుంటూ కూర్చున్నాను. నా ఉద్యోగం సంగతి అందులో ఎక్కడుందో వెతుక్కోలేదు.

భవానీపూర్

బస్సు దిగి నడిచి ఆఫీసుకి వెళ్ళాను. మూడో అంతస్తు. బయట బల్ల మీద నసీమ్, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అతను నాకోసం లేవడం అదే మొదటిసారి.

లోపల ఘోషాల్ బాబు, యజమాని తరఫున ఒకాయన, రాసుకునే గుమాస్తా ఒకతను. ఘోషాల్ బాబు తొందరలో ఉన్నాడు.

"రావ్ బాబు, ఆ స్లింగు మీరు చూసే పాస్ చేశారు, అవునా?"

"చూడలేదు సార్. ప్రార్థన చేశాను."

ఆయనకి అర్థం కాలేదు. "కీ?" అన్నాడు, ఏమిటీ అని.

"గ్రీజు తుడవలేదు, గుడ్డ లాగలేదు. చెయ్యి వేసి ప్రార్థన చేసి రంగు వేశాను. మొన్న మీకు అబద్ధం చెప్పాను. తెగిన కొస స్టోరులో ఉంది, ఎవరైనా తెలిసినవాణ్ణి పిలిచి చూపించండి. తీగలు పాతవి తెగి ఉన్నాయి. తగిలించడంలో తప్పు లేదు. అరిచి అందర్నీ తప్పించింది నసీమ్."

గుమాస్తా కలం ఎత్తి, "ప్రార్థన సంగతి కూడా రాయాలా సార్?" అని అడిగాడు. ఘోషాల్ బాబు "రాయండి" అన్నాడు.

నసీమ్ మీద ఏమీ పడలేదు. మర్నాడే పనిలోకి వచ్చాడు. నన్ను తాళ్ళ దగ్గర్నుంచి తీసేసి రెండేళ్ళు స్టోరులో నట్లూ బోల్టులూ ఇచ్చే పనిలో పెట్టారు. ఉద్యోగమే పోవాల్సింది. తర్వాత మళ్ళీ తాళ్ళ పనికి పిలిచారు, రిటైరయ్యేదాకా గుడ్డ లాగకుండా ఒక్క తాడుకీ రంగు వేయలేదు.

ఆ వచ్చే ఆదివారం మందిరంలో మళ్ళీ లేచాను. మొదటిసారి కన్నా తక్కువ మాటల్లో చెప్పాను. స్వరం నసీమ్‌ది అన్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. సుగుణమ్మ పిన్ని కూర్చున్నచోటు నుంచే అడిగింది.

"అయితే దేవుడు ఏటి సేసినట్టు నాయనా?"

వెక్కిరించలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి, రెండు వారాలుగా ఆ స్వరాన్ని తలుచుకుంటూ నిద్రపోయి ఉంటుంది.

"నాకు తెలీదు పిన్నీ" అన్నాను.

అయ్యగారు పాట అందుకోమన్నారు. ఏ పాటో ఎవరికీ తోచక కొంతసేపు అలాగే నిలబడ్డాం. కూటాల్లో మాట్లాడమని ఆయన మళ్ళీ అడగలేదు, నేనూ ఆయన్ని తప్పుపట్టను. కరుణ వారం రోజులు ముభావంగా ఉండి తర్వాత మామూలైంది. పౌలు మాత్రం బయట నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మీకు చెప్పగలిగింది

ప్రార్థన చేయండి. తాడు చూశాక చేయండి. చూడకముందు చేస్తే చూడబుద్ధి కాదు, నా అనుభవం అది. మీ ముందు ఎవరైనా కళ్ళు మూసుకుని మీ తాడుకి రంగు వేస్తే, ఆయన మీ పాస్టరైనా సరే, ఆపండి.

గుడ్డ కూడా దేవుడిచ్చిందే కదా అని మన అయ్యగారు తర్వాత ఒకసారి నాతో అన్నారు. మాట బాగుంది. నాకు సరిపోలేదు. ఆరుగురూ బతికినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాలా? చెబుతాను, రోజూ చెబుతాను. పౌలు పోయి ఉంటే ఏం చెప్పేవాణ్ణి? దేవుడి చిత్తం అని ఉండేవాణ్ణి. పోయినా, బతికినా నా తప్పు కనిపించకుండా పోయే మాట ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది. అది విశ్వాసం కాదని ఇప్పుడు తెలుసు. విశ్వాసం అంటే మరేమిటని అడిగితే పిన్నికి చెప్పిన జవాబే చెబుతాను. అయినా ప్రతి ఆదివారం మందిరానికి వెళ్తున్నాను, వెళ్ళకుండా ఉండలేను. ఇందులో తలాతోకా ఉందో లేదో మీరే చూసుకోండి.

ఇంకొక్కటి మిగిలింది. రాయాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను.

రిటైరయ్యాక ఒక రంజాన్ ఈదుకి నసీమ్ ఇంటికి వెళ్ళాను. పండగ కదా, కింద కుట్టుమిషన్లన్నీ ఆగి ఉన్నాయి. పైగదిలో ఇద్దరం సేమియా తింటున్నాం. మాటల్లో ఆ శుక్రవారం వచ్చింది.

"ఆ రోజు నువ్వు గుడ్డ లాగలేదని నాకు తెలుసు" అన్నాడు నసీమ్.

చెంచా నోటి దగ్గర ఆగిపోయింది. "తెలుసా?"

"ఎదురుగానే ఉన్నాను కదా. గుడ్డ నీ జేబులోంచి తియ్యలేదు."

"మరి ఎందుకు తగిలించావయ్యా?"

"నువ్వు కళ్ళు మూసుకుని నీ ఖుదాతో మాట్లాడుతున్నావు. మధ్యలో పోయి గుడ్డ లాగు అని ఎలా అంటాను? మర్యాదగా ఉంటుందా?" తనని తనే తిట్టుకున్నట్టు ఒక బూతు మాట అన్నాడు. "గధానే నేను, గాడిదని. కానీ భయం వేసింది. అందుకే చెవి తాడు మీదే పెట్టుకున్నాను. లోపల తీగ తెగితే చిన్న చప్పుడొస్తుంది, టిక్కు టిక్కుమని. రెండోది వినపడగానే అరిచాను."

నా ప్రార్థన మీద అతనికి నమ్మకం కుదరకపోవడం వల్ల ఆరుగురు బతికారు. దేవుడి ముందు దీన్ని ఏ పేరుతో చెప్పుకోవాలో నాకు తెలియడం లేదు.

"మంగళవారం విచారణలో ఆ మాట చెప్పి ఉంటే అక్కడితో తేలిపోయేది కదా. ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని."

"నేను చెప్పకపోతే?"

నసీమ్ నావైపు వింతగా చూశాడు, నేనేదో తెలివితక్కువ మాట అడిగినట్టు. "చెప్పావు కదా" అని నా గిన్నెలో ఇంకాస్త సేమియా వేశాడు.

నేను ఆ సోమవారం మూడో అంతస్తు ఎక్కింది చెప్పడానికి కాదు. మెట్ల మీద కూడా "చూశాను సార్" అన్న మాటే వల్లె వేసుకున్నాను. ఘోషాల్ బాబు అడిగినప్పుడు ఆ మాటకే నోరు తెరిచాను. బయటికి ఇంకో మాట వచ్చింది. అదెలా వచ్చిందో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, తెలియడం లేదు. ఎవరు మార్చారో చెబుదామంటే మళ్ళీ ఒక సాక్ష్యం అవుతుంది, నా సాక్ష్యాలంటే నాకే భయం. మందిరంలో చెప్పలేదు, కరుణకి చెప్పలేదు. నసీమ్‌కి అసలే చెప్పలేదు. ఆ రోజు నేను నిజం చెప్పడానికే ఇంట్లోంచి బయల్దేరానని అతను ఇప్పటికీ నమ్ముతున్నాడు.